సెర్స్ పలకలు: ఒకే చుక్కలో పది రెట్ల తేడా. కొలాయిడ్ మార్చాలా, పద్ధతే మార్చాలా?

వెండిమబ్బు

అందరికీ నమస్కారం. సెర్స్ (లోహ ఉపరితలానికి అంటిన అణువుల నుంచి లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం మారి చెదిరే రామన్ సంకేతం ఎన్నో రెట్లు పెరగడం) కోసం వెండి ఉపరితలాలు చేసేవాళ్ల సలహా కావాలి. వివరాలివి.

లేజర్ 785 నానోమీటర్లు, 50 రెట్ల ఆబ్జెక్టివ్. కొలాయిడ్ (నీటిలో తేలే వెండి నానోరేణువులు) లీ–మైసెల్ పద్ధతిలోది: 500 మి.లీ. నీటిలో 90 మి.గ్రా. సిల్వర్ నైట్రేట్, మరుగుతుండగా 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ 10 మి.లీ., ఆపైన గంటసేపు మరిగించడం. అందులో 5 మైక్రోలీటర్లు గాజు స్లైడ్ మీద ఆరబెట్టి, దానిపైన 1 మైక్రోమోలార్ థైరామ్ (శిలీంధ్రనాశక మందు) 2 మైక్రోలీటర్లు వేసి కొలుస్తున్నాం. 1380 సెం.మీ⁻¹ పీక్ వస్తోంది. కానీ ఒక చోట 300 కౌంట్లు, పక్కకు జరిగితే 3000. బ్యాచ్ మారితే కొలాయిడ్ రంగే మారిపోతోంది.

అందుబాటులో ఉన్నవి: హాట్‌ప్లేట్ స్టిర్రర్, సెంట్రిఫ్యూజ్, స్పిన్ కోటర్, థర్మల్ ఎవాపరేటర్ (శూన్యంలో లోహాన్ని ఆవిరిచేసి పూత పూసేది). ఈ-బీమ్ లితోగ్రఫీ (ఎలక్ట్రాన్ పుంజంతో నానో ఆకారాలు గీసే పరికరం) లేదు. కోరేది ఒకటే: ఒక పలక మీద వంద చోట్ల కొలిస్తే దాదాపు ఒకే లెక్క రావాలి. గరిష్ఠ సంకేతం కొంత తగ్గినా ఫర్వాలేదు.

గాజుకుప్పె

మీ దగ్గర రెండు వేర్వేరు జబ్బులున్నాయండీ. రెంటికీ ఒకే మందు పనిచేయదు.

మొదటిది ఆరబెట్టడం. చుక్క అంచు గాజుకు అతుక్కుని కదలదు, అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది, ఆ లోటు పూడ్చడానికి లోపలి ద్రవం అంచు వైపు పారుతూ రేణువుల్ని మోసుకుపోతుంది. అందుకే అంచున దట్టమైన వలయం, మధ్యలో అక్కడక్కడా గుంపులు. పైగా మీరు థైరామ్‌ను ఆరిన పొర మీద వేస్తున్నారు. ఆ రెండో చుక్క కూడా తన వలయం తాను గీసుకుంటుంది. రేణువుల పంపకం, థైరామ్ పంపకం రెండూ అసమానం అయినప్పుడు పది రెట్ల తేడా రావడంలో వింతేమీ లేదు.

రెండోది కొలాయిడ్. లీ–మైసెల్ (1982) పద్ధతిలో సిట్రేట్ మెల్లగా క్షయకరణ చేస్తుంది. కొత్త బీజాలు పుట్టడం, పాత రేణువులు పెరగడం ఒకేసారి చాలాసేపు జరుగుతాయి. గోళాలు, కడ్డీలు, పలకలు అన్నీ కలిసి వస్తాయి. మరిగే ఉధృతి, సిట్రేట్ పోసిన వేగం, కుప్పె ఆకారం, స్టిర్రర్ వేగం, ఏది మారినా నిష్పత్తి మారుతుంది. రంగు తేడాకు కారణం అదే.

సిట్రేటే ముఖ్యం కాకపోతే హైడ్రాక్సిలమైన్ పద్ధతికి మారండి (లియోపోల్డ్, లెండ్ల్, 2003). గది ఉష్ణోగ్రతలోనే అయిపోతుంది. 100 మి.లీ. కొలత:

హైడ్రాక్సిలమైన్ హైడ్రోక్లోరైడ్ 10.4 మి.గ్రా. తీసుకుని సుమారు 87 మి.లీ. నీటిలో కరిగించండి. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 3 మి.లీ. కలపండి. క్షారంలో హైడ్రాక్సిలమైన్ నిలవదు, కాబట్టి ఈ కలపడం చివరి నిమిషంలోనే జరగాలి. ఇంకో బీకరులో 17 మి.గ్రా. సిల్వర్ నైట్రేట్ 10 మి.లీ. నీటిలో. దీన్ని జోరుగా తిరుగుతున్న మొదటి ద్రావణంలో పోయండి. క్షణాల్లో పసుపు వస్తుంది, ఆ వెంటనే బూడిద కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. ఇంకో పది నిమిషాలు తిప్పి ఆపేయండి.

పోసే వేగాన్నిబట్టి రేణువుల పరిమాణం మారుతుంది. అందుకని చేత్తో కాకుండా సిరింజి పంపుతో, ప్రతిసారీ ఒకే వేగంతో పోయడం మేలు. ఎక్స్‌టింక్షన్ (కొలాయిడ్ గుండా పోతూ ఏ తరంగదైర్ఘ్యపు కాంతి ఎంత తగ్గిందో) చూడాలంటే కొలాయిడ్‌ను పలచన చేసి తీయండి. పీక్ 400–420 నానోమీటర్ల మధ్య ఉండాలి. పీక్ స్థానం ఒక్కటే చూసి తృప్తి పడొద్దు, సగం ఎత్తు దగ్గర వెడల్పు కూడా రాసుకోండి. బ్యాచ్ చెడిందని ముందుగా చెప్పేది ఆ వెడల్పే.

ఆమ్లరేఖ

గాజు సామాను సంగతి ఎవరూ అడగలేదు గానీ బ్యాచ్ తేడాల్లో సగం అక్కడే పుడతాయి. కుప్పె గోడకు అంటిన పాత వెండి కొత్త బ్యాచ్‌కు బీజంలా పనిచేస్తుంది.

బంగారం చేసిన గాజుకు ఆక్వారీజియా (హైడ్రోక్లోరిక్ 3, నైట్రిక్ 1). వెండికి మాత్రం ఆక్వారీజియా వద్దు. సిల్వర్ క్లోరైడ్ తెల్లటి పొరగా గోడకు పట్టేసి మరింత మొండికేస్తుంది. వెండికి విడి నైట్రిక్ ఆమ్లం, 1:1 పలచనలో, ఆ తర్వాత శుద్ధజలంతో కనీసం ఆరేడుసార్లు కడుగు. ఇప్పటికే తెల్లపొర పడి ఉంటే సోడియం థయోసల్ఫేట్‌తో తీయండి. అమ్మోనియాతోనూ కరుగుతుంది, కానీ అమ్మోనియా కలిసిన వెండి ద్రావణాన్ని నిల్వ ఉంచితే పేలుడు పదార్థం తయారవుతుంది. కడిగిన వెంటనే ఆమ్లం కలిపి వ్యర్థాల డబ్బాలో పోయాలి.

నీరు 18.2 మెగాఓమ్‌ది కాకపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. నీటిలో కొద్దిపాటి క్లోరైడ్ ఉన్నా సిల్వర్ నైట్రేట్ వేయగానే మసకబారుతుంది. అలా మసకబారిన బీకరును అక్కడే పక్కన పెట్టేయండి.

వెండిమబ్బు

ధన్యవాదాలు. చుక్క ఆరబెట్టడం మానేసి ద్రవంలోనే కొలవచ్చా? ఉప్పు ఎంత వేయాలి అన్నదగ్గర ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

గాజుకుప్పె

కొలవచ్చు. కొలాయిడ్‌తోనే ఉండాలనుకుంటే అదే మంచి దారి. లేజర్ మచ్చలోకి రేణువులు వస్తూ పోతూ ఉంటాయి, సగటు దానంతట అదే అయిపోతుంది.

ఉప్పు మోతాదు ఒకరి దగ్గర నుంచి తెచ్చుకునే అంకె కాదు, మీ కొలాయిడ్‌కు మీరే పట్టుకోవాలి. కొలాయిడ్ 200 మైక్రోలీటర్లు, నమూనా 20, ఉప్పు ద్రావణం 20. ఉప్పు తుది గాఢత 5, 10, 20, 40 మిల్లీమోలార్ వచ్చేలా నాలుగు ద్రావణాలు చేసుకోండి (మొత్తం 240 కాబట్టి ఉప్పు ద్రావణం పన్నెండు రెట్లు గాఢంగా ఉండాలి, అంటే 20 మిల్లీమోలార్ కోసం 0.24 మోలార్). ఒక్కోదానికి 30 సెకన్లకోసారి స్పెక్ట్రమ్ తీసి, పీక్ ఎత్తును కాలంతో గీయండి. గీత పైకి లేచి, కాసేపు చదునుగా నిలిచి, తర్వాత పడిపోతుంది. ఆ చదును ఎక్కడ ఎక్కువసేపు నిలుస్తుందో అదే మీ మోతాదు. అన్నిటికన్నా ఎత్తైన పీక్ ఇచ్చిన మోతాదును ఎంచుకోవడం అందరూ చేసే తప్పు. అది సాధారణంగా కొలాయిడ్ విరిగిపోయే అంచున ఉంటుంది, పది సెకన్లు ఆలస్యమైతే లెక్క మారిపోతుంది.

ఉప్పు రకం కూడా చూసుకోవాలి. క్లోరైడ్ అయితే రేణువుల్ని గుంపు చేయడంతో ఆగదు, వెండి ఉపరితలం మీద కూర్చుంటుంది, 240 సెం.మీ⁻¹ దగ్గర తన పీక్ చూపిస్తుంది. కొన్ని అణువులకు అది సాయం, కొన్నిటికి స్థలం లేకుండా చేస్తుంది. మెగ్నీషియం సల్ఫేట్ అలా అతుక్కోదు, రెండు ఆవేశాల అయాన్ కాబట్టి తక్కువ గాఢతే చాలు. మీ థైరామ్‌కు రెండూ పెట్టి చూడండి.

ఇంకొకటి: గాఢత ఎక్కువైతే థైరామే రేణువుల్ని గుంపు చేస్తుంది. అప్పుడు కాలిబ్రేషన్ గీత వంగుతుంది. అది కొలాయిడ్ ప్రవర్తన, పరికరంలో లోపం వెతకనక్కర్లేదు.

పొరమీదపొర

గాజుకుప్పె గారి మాటలు సరైనవే. కానీ వెండిమబ్బు గారు అడిగింది పలక మీద వంద చోట్ల ఒకే లెక్క. ఎవాపరేటర్ ఉంది కదా, కొలాయిడ్‌తో కుస్తీ పట్టాల్సిన పనేముంది? పాలిస్టైరీన్ గోళాలు పరిచి వాటి మీద లోహం పూయండి. గోళాల మీద పొర అంటారు, సెర్స్ తొలితరం శాస్త్రవేత్త వాన్ డైన్ బృందం ఏళ్ల తరబడి వాడి నిలబెట్టిన పద్ధతి. లితోగ్రఫీ అక్కర్లేదు.

గాజు శుభ్రం. 18 మి.మీ. గుండ్రటి కవర్‌స్లిప్పులు. పిరానా (గాఢ సల్ఫ్యూరిక్ 3, 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 1) 80 డిగ్రీల దగ్గర గంట. ఆమ్లంలోకి పెరాక్సైడ్‌ను మెల్లగా పోయాలి. అసిటోన్ తడి ఉన్న గాజు అందులోకి పోకూడదు, మూత బిగించకూడదు. బాగా కడిగాక నీరు 5, అమ్మోనియా 1, పెరాక్సైడ్ 1 కలిపిన దాంట్లో గంటసేపు సోనికేషన్. ఈ రెండో మెట్టు చాలామంది ఎగ్గొడతారు. గాజును నీటికి ఇష్టమయ్యేలా చేసేది అదే. నీటి చుక్క వేస్తే గుండ్రంగా నిలబడకుండా పలచగా పరుచుకోవాలి, లేకపోతే మళ్లీ మొదటికి. కడిగిన స్లిప్పులు నీటిలోనే ఉంచండి, గాలిలో ఆరనిస్తే కొన్ని గంటల్లో ఆ గుణం పోతుంది.

గోళాలు. 600 నానోమీటర్ల వ్యాసం తీసుకుందాం. ఒక్క పొరగా దగ్గరదగ్గరగా పేరిస్తే చదరపు మైక్రోమీటరుకు 3.2 గోళాలు పడతాయి. 18 మి.మీ. స్లిప్పు వైశాల్యం 2.54 చ.సెం.మీ., అంటే సుమారు 81 కోట్ల గోళాలు, బరువు 97 మైక్రోగ్రాములు. 1 శాతం సస్పెన్షన్‌లో అది దాదాపు 10 మైక్రోలీటర్లు. అంచున కొన్ని పేరుకుపోతాయి కాబట్టి 12 వేయండి. కొన్న సస్పెన్షన్‌లో సర్ఫాక్టెంట్ ఎక్కువ ఉంటే ముందు రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి నీరు మార్చండి. తర్వాత ఐదు నిమిషాల సోనికేషన్.

చుక్క వేసి స్లిప్పును మెల్లగా గుండ్రంగా వంచుతూ మొత్తం తడపండి. సమతలంగా ఉన్న బల్ల మీద పెట్టి, పైన పెట్రీ మూత కాస్త ఎత్తి బోర్లించి, రాత్రంతా వదిలేయండి. ఆరేటప్పుడు దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది: పాలలాంటి తెలుపు వెనక్కి జరుగుతూ ఉంటుంది, అది దాటిన చోట వాలుగా చూస్తే నీలం, ఆకుపచ్చ, ఎరుపు మెరుస్తాయి. ఆ మెరుపు నేల మీద ముక్కలు ముక్కలుగా పరిచిన బండల్లా కనబడుతుంది, ఒక్కో ముక్క ఒక్కో స్ఫటిక క్షేత్రం. తెలుపు అలాగే మిగిలిన చోట రెండు మూడు పొరలు పడ్డాయని అర్థం. లోహం పైపొర మీదే పడుతుంది కాబట్టి అక్కడా సంకేతం వస్తుంది, కాకపోతే సమానత్వం తగ్గుతుంది. కొలిచేటప్పుడు ఆ భాగం వదిలేయండి.

లోహం. వెండి 200 నానోమీటర్లు, సెకనుకు 0.1–0.2 నానోమీటరు, పీడనం 1×10⁻⁶ టార్ కన్నా తక్కువ. అంటే 17 నుంచి 33 నిమిషాల పూత. ఇక్కడే పని చెడేది: పాలిస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. బోటుకు (లోహాన్ని వేడిచేసి ఆవిరిచేసే చిన్న పాత్ర) 10–12 సెం.మీ. దూరంలో స్లిప్పులు పెడితే రేడియేషన్ వేడికే గోళాలు అణిగిపోతాయి. పైకి మామూలు వెండి అద్దంలా మెరుస్తుంది, సెర్స్ మాత్రం ఉండదు. 25 సెం.మీ. దూరం పెట్టండి, 50 నానోమీటర్లకోసారి షట్టర్ మూసి ఐదు నిమిషాలు ఆగండి. ఆ దూరంలో 200 నానోమీటర్లు రావాలంటే బోటులో 0.4 నుంచి 0.8 గ్రాముల వెండి కావాలి, ముందే లెక్క చూసుకోండి. మధ్యలో వెండి అయిపోతే గాలి పెట్టి, మళ్లీ నింపి కొనసాగించడం కుదరదు. మధ్యలో కలుషిత పొర చేరుతుంది.

బయటకు తీసిన పలక అద్దంలా ఉండకూడదు. వాలుగా చూస్తే రంగులు, నిటారుగా చూస్తే కాస్త ముదురు గోధుమ.

తరంగిణి

పై పోస్టుకు ఒక ముఖ్యమైన అనుబంధం. 600 గోళం 785 లేజర్‌కు మంచి ప్రారంభ బిందువు, అంతే. దాన్నే అంతిమ అంకె అనుకోకండి. పలక ప్లాస్మాన్ అనునాదం (లోహంలోని ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి గట్టిగా ఊగే తరంగదైర్ఘ్యం) లేజర్ తరంగదైర్ఘ్యానికీ, రామన్‌లో బయటకొచ్చే తరంగదైర్ఘ్యానికీ మధ్యలో పడాలి. వృద్ధి రెండుసార్లు జరుగుతుంది, లోపలికి వచ్చే కాంతికి ఒకసారి, బయటికి పోయే కాంతికి ఒకసారి. రెండూ కలిసే క్షేత్రపు నాలుగో ఘాతం అవుతుంది.

785 నానోమీటర్లంటే 12739 సెం.మీ⁻¹. అందులోంచి 1380 తీస్తే 11359, అంటే 880 నానోమీటర్లు. మీకు అనునాదం 830 దగ్గర కావాలి. అదే 532 లేజర్ అయితే 1380 పీక్ 574 దగ్గర పడుతుంది, కావలసిన అనునాదం 550. ఒక లేజర్‌కు చేసిన పలక ఇంకో లేజర్ కింద పెట్టి బాగాలేదనడం అన్యాయం.

కొలవడం సులువే: మెరిసే వెండి అద్దాన్ని ప్రమాణంగా పెట్టి తెల్లకాంతి పరావర్తనం తీయండి. లోయ ఎక్కడుందో చూడండి. 500, 600, 700 గోళాలతో ఒకే పూతలో మూడు పలకలు చేస్తే మీ ఎవాపరేటర్‌కు ఏది సరిపోతుందో ఒక్కరోజులో తేలుతుంది.

బంగారం సంగతి కూడా ఆలోచించండి. 785 దగ్గర బంగారం వెండికి మరీ దూరంగా ఏమీ ఉండదు. 532 దగ్గర మాత్రం బంగారం లోపలి ఎలక్ట్రాన్ పరివర్తనాలే కాంతిని మింగేస్తాయి, అక్కడ దాని జోలికి పోవద్దు.

ఆమ్లరేఖ

నా ఓటు కూడా 785కి బంగారానికే. వెండి గాలిలోని సల్ఫర్‌కు నల్లబడుతుంది. పైకి నలుపు కనిపించేసరికి చాలా ఆలస్యం అయిపోయినట్టే, సంకేతం అంతకు ముందే పడిపోయి ఉంటుంది. వెండే కావాలంటే పూసిన రోజే వాడండి, లేదా నైట్రోజన్ నింపిన డబ్బాలో. రబ్బరు బ్యాండు, రబ్బరు మూత ఆ డబ్బాలో ఉండకూడదు, రబ్బరులో సల్ఫర్ ఉంటుంది.

మురికి పోతుందని ఆక్సిజన్ ప్లాస్మా పెట్టేవాళ్లున్నారు. వెండికి అది విషం, పొర ఆక్సైడ్ అయిపోతుంది.

పొరమీదపొర

బంగారం అంటే ఒక హెచ్చరిక. చదునైన గాజు మీద బంగారం నిలబడదని అలవాటుగా క్రోమియం వేస్తారు. ఇక్కడ 2 నానోమీటర్లు దాటొద్దు. క్రోమియం, టైటానియం రెండూ ప్లాస్మాన్‌ను అణచేస్తాయి. గోళాల మీద పొరకైతే 200 నానోమీటర్ల మందం అడ్డుంటుంది కాబట్టి హాని తక్కువ, గోళాలు తీసేసి వాటి సందుల్లో పడిన లోహపు త్రికోణాలు మిగిల్చే పద్ధతిలో మాత్రం ఆ కొద్దిపాటి క్రోమియమే పీక్ వెడల్పు చేసేస్తుంది. అక్కడ మెర్‌కాప్టోప్రొపైల్ ట్రైమెథాక్సీసిలేన్ వాడండి. ఒక కొస గాజుకు, ఇంకో కొస థయోల్ బంగారానికి పడుతుంది.

రాగిరేకు

ఎవాపరేటర్ వరుస దొరకని రోజుకు ఒక చౌక దారి: రాగి మీద వెండి. రాగి రేకును 1200 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ఎథనాల్‌తో తుడిచి, పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నిమిషం ముంచి ఆక్సైడ్ తీసేయండి. కడిగి, ఆరనివ్వకుండా 5 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్‌లో 2 నిమిషాలు. రాగి కరుగుతూ ఎలక్ట్రాన్లు ఇస్తుంది, వెండి ఆకుల్లా చీలి పెరుగుతుంది. నీటితో మెల్లగా కడిగి నైట్రోజన్‌తో ఆరబెట్టండి.

రేకు మొదట బూడిదరంగు, తర్వాత మాట్ నలుపు. ఆ నలుపు మరీ మెత్తని మసిలా అయిపోయిందంటే సమయం ఎక్కువైంది, కడిగితేనే ఊడిపోతుంది. 10 మిల్లీమోలార్ పైన పెంచితే కొమ్మలు పొడుగవుతాయి తప్ప సంధులు మెరుగవ్వవు. 500–650 సెం.మీ⁻¹ మధ్య వెడల్పాటి ఉబ్బు కనిపిస్తే అది రాగి ఆక్సైడ్, నమూనాది కాదు.

ఉందా లేదా అని తేల్చడానికి ఇది చాలా మంచిది. ఎంత ఉందో చెప్పడానికి వాడొద్దు.

తరంగిణి

అదే వరుసలో పలచటి బంగారు పొరను వేడిచేసి దీవులుగా చీల్చే పద్ధతి కూడా అడుగుతుంటారు (5–10 నానోమీటర్లు, 300–500 డిగ్రీలు). సమానత్వం బాగుంటుంది. కానీ వేడికి దీవులు గుండ్రబడి ఒకదానికొకటి దూరమవుతాయి. హాట్‌స్పాట్ అంటే 2 నానోమీటర్ల లోపు సందు. దూరం పదైతే వృద్ధి కుప్పకూలుతుంది. పైగా అనునాదం 550–600 దగ్గరే ఆగుతుంది, 785కి అందదు. వెండిమబ్బు గారికి పనికిరాదు.

సిలికాన్ మీద హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో వెండి పెంచే పద్ధతులు నేను ఇక్కడ రాయను. కాల్షియం గ్లూకోనేట్ జెల్, ప్లాస్టిక్ పాత్రలు, పక్కన శిక్షణ పొందిన మనిషి లేని చోట ఆ సీసా మూతే తీయకూడదు.

వెండిమబ్బు

గోళాల దారికే వెళ్తాం, బంగారం, వెండి రెండూ. వృద్ధి గుణకం (పలక ఒక్కో అణువు సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో) కూడా చెప్పమంటున్నారు. రోడమిన్ 6జీ అనే రంగుతో 532 లేజర్ కింద కొలిస్తే చాలా పెద్ద అంకె వస్తుందట కదా?

కొలతబద్ద

వస్తుంది, అందుకే అలా చేయకూడదు. రోడమిన్ 6జీ 530 దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. 532 కింద అణువుకున్న సొంత అనునాదం కూడా కలిసి లెక్క ఉబ్బుతుంది. పలక గొప్పతనం ఎంతో, రంగు గొప్పతనం ఎంతో విడదీయలేరు. పైగా చుక్క వేస్తే ఉపరితలం మీద ఎన్ని అణువులున్నాయో ఊహే.

4-అమైనోథయోఫినాల్ కూడా వద్దు. లేజర్ కింద రెండు అణువులు కలిసి అజో సమ్మేళనం అవుతాయి. 1142, 1391, 1440 పీక్‌లు దానివే. శక్తి పెంచితే అవీ పెరుగుతాయి, అంటే మీరు కొలిచేది చర్యను.

థయోఫినాల్ గానీ 4-మెర్‌కాప్టోబెంజాయిక్ ఆమ్లం గానీ వాడండి. ఎథనాల్‌లో 1 మిల్లీమోలార్, పలకను రాత్రంతా ముంచి, ఎథనాల్‌తో బాగా కడిగి ఆరబెట్టాలి. ఒక్క పొరే మిగులుతుంది, లెక్కకు ఆధారం దొరుకుతుంది. థయోఫినాల్ వాసన భరించలేనిది, విషం కూడా, హుడ్ బయటకు తేవద్దు.

లెక్క ఎలా సాగుతుందో ఒక ఉదాహరణ. 2 మైక్రోమీటర్ల లేజర్ మచ్చ, వైశాల్యం 3.14 చదరపు మైక్రోమీటర్లు. బంగారం మీద థయోఫినాల్ చ.సెం.మీ.కు 6.8×10¹⁴, అంటే మచ్చ కింద 2.1×10⁷ అణువులు. పోల్చడానికి విడి థయోఫినాల్ ద్రవం: సాంద్రత 1.073, అణుభారం 110.2, కాబట్టి ఘన మైక్రోమీటరుకు 5.9×10⁹ అణువులు. ఫోకస్ లోతు 30 మైక్రోమీటర్లనుకుంటే పరిమాణం 94, మొత్తం 5.5×10¹¹.

ఇప్పుడు 1073 పీక్. పలక మీద 0.5 మిల్లీవాట్, 1 సెకను, 4000 కౌంట్లు: మిల్లీవాట్-సెకనుకు 8000. ద్రవంలో 20 మిల్లీవాట్లు, 10 సెకన్లు, 2000 కౌంట్లు: మిల్లీవాట్-సెకనుకు 10. నిష్పత్తి 800. అణువుల నిష్పత్తి 2.6×10⁴. గుణిస్తే 2.1×10⁷.

ఇందులో మోసపోయే చోట్లు రెండు. ఫోకస్ లోతును ఆబ్జెక్టివ్ సూత్రంతో ఊహించకండి. సిలికాన్ పలకను మైక్రోమీటరు చొప్పున ఎత్తుతూ దింపుతూ 520.7 పీక్ ఎత్తు గీసి, ఆ వక్రం కింది వైశాల్యాన్ని గరిష్ఠంతో భాగించండి. రెండోది గరుకుదనం. గోళాల మీద పొర చదునైన దానికన్నా ఎక్కువ వైశాల్యం కలది, అణువులూ ఎక్కువే. దాన్ని వదిలేస్తే గుణకం ఉబ్బుతుంది. ఈ విషయం మన రంగం పుట్టుకలోనే ఉంది: 1974లో సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్విలన్ వెండి ఎలక్ట్రోడ్‌ను గరుకు చేసి పిరిడిన్ సంకేతం చూశారు, గరుకు చేసిన ఉద్దేశమే వైశాల్యం పెంచడం. అంత సంకేతానికి వైశాల్యం ఒక్కటే చాలదని 1977లో జీన్‌మేర్, వాన్ డైన్ ఒకవైపు, ఆల్‌బ్రెక్ట్, క్రైటన్ మరోవైపు చూపించారు. అంటే వైశాల్యాన్ని విడిగా లెక్కించాకే వృద్ధి అనే మాట ఎత్తాలి.

గుణకం పక్కన లేజర్, పీక్, అణువు, మచ్చ పరిమాణం రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

గాజుకుప్పె

కొలతబద్ద గారూ, మ్యాపింగ్ షరతులు కూడా చెప్పండి. వెండిమబ్బు గారి మొదటి ప్రశ్న అదే కదా.

కొలతబద్ద

10×10 బిందువులు, మధ్య దూరం 20 మైక్రోమీటర్లు. మచ్చ కన్నా దూరం బాగా ఎక్కువ ఉండాలి, లేకపోతే ఒకే చోటును రెండుసార్లు లెక్కపెట్టినట్టు. పలక మీద శక్తిని ఆబ్జెక్టివ్ కింద పవర్‌మీటర్ పెట్టి కొలవండి, సాఫ్ట్‌వేర్ చూపే శాతాన్ని నమ్మొద్దు.

మ్యాప్‌కు ముందు కాలిపోయే పరీక్ష: ఒకే చోట వరుసగా 30 స్పెక్ట్రాలు. పీక్ 5 శాతం కన్నా ఎక్కువ పడితే శక్తి తగ్గించండి. 1350, 1580 దగ్గర రెండు వెడల్పాటి దిబ్బలు లేస్తుంటే నమూనా బొగ్గవుతోంది. మీ థైరామ్ 1380 సరిగ్గా ఆ మొదటి దిబ్బ మీదే కూర్చుంటుంది, కాబట్టి బేస్‌లైన్ తీసేటప్పుడు జాగ్రత్త. అనుమానం వస్తే 560 పీక్ కూడా అదే నిష్పత్తిలో ఉందో లేదో చూడండి. రెండూ కలిసి నడిస్తే అది థైరామే.

తర్వాత వంద బిందువుల సాపేక్ష ప్రామాణిక విచలనం. 20 శాతం లోపు వస్తే పనికొచ్చే పలక, 10 లోపు వస్తే చాలా మంచిది. నచ్చని బిందువులు తీసేసి లెక్కకట్టకండి. తీయాల్సి వస్తే కారణం ముందే రాసుకుని ఉండాలి, ఉదాహరణకు తెల్లటి బహుళపొర భాగం. ఒక పలక బాగుందని ఆగిపోకుండా మూడు వేర్వేరు పూతల నుంచి ఐదేసి పలకలు కొలవండి. బ్యాచ్‌ల మధ్య తేడా ఎప్పుడూ పలకలోపలి తేడాను మించే ఉంటుంది, దాన్ని దాచితే మిగతావాళ్ల శ్రమ వృథా అవుతుంది.

పొరమీదపొర

చివరిగా థైరామ్ వేసే తీరు. పలక ఎంత సమానంగా ఉన్నా దాని మీద చుక్క ఆరబెడితే మళ్లీ వలయమే. పలకను ద్రావణంలో ముంచండి: 2 మి.లీ., 10 నిమిషాలు, తర్వాత ద్రావకంతో మూడు సెకన్లు కడిగి నైట్రోజన్‌తో ఆరబెట్టడం. లోహం మీద థైరామ్ గంధక–గంధక బంధం తెగి రెండు సగాలూ గట్టిగా పడతాయి, కడిగినా పోవు.

ముంచే సమయం నిమిషం తేడా లేకుండా ఒకటే ఉంచండి. తక్కువ గాఢతలో ఉపరితలం నిండడానికి గంటలు పట్టవచ్చు, 10 నిమిషాల్లో మీరు చూసేది నిండే దారిలో ఉన్న పొరను. ఎక్కువ గాఢతలో ఉపరితలం నిండిపోయి గీత చదునవుతుంది. కాలిబ్రేషన్ ఈ రెంటి మధ్య భాగంలోనే.

వెండిమబ్బు

ఒక్క చిన్న ప్రశ్న మిగిలింది: వాడిన పలకను శుభ్రం చేసి మళ్లీ వాడొచ్చా? బంగారం కదా, పారేయడానికి మనసొప్పడం లేదు.

ఆమ్లరేఖ

సోడియం బోరోహైడ్రైడ్ ద్రావణంతో బంగారం మీది థయోల్ పొర చాలావరకు వదులుతుంది. అయినా పరిమాణాత్మక కొలతకు వాడిన పలక వద్దండీ. సందుల్లో మిగిలిపోయినది ఎంతో తెలియదు, అవే హాట్‌స్పాట్లు. కడిగిన పలకలు పవర్ పరీక్షకూ ఫోకస్ సాధనకూ ఉంచుకోండి. ప్రతి పూత నుంచి ఒక పలకను మాత్రం ఏమీ ముంచకుండా ఖాళీగా దాచి, నమూనా కొలిచిన రోజే దాన్నీ కొలవండి. 1380 దగ్గర ఏదైనా చిన్న గుబ్బ కనిపిస్తే అది థైరామా, గాలి నుంచి పడిన మురికా అన్నది ఆ ఖాళీ పలకే చెబుతుంది.